అలవాటు లేని కాలికి పాఠం

చేవెళ్ల మండలం ముడిమ్యాల లాంటి ఊళ్లో బడి వదిలాక పిల్లలకు ఒక బంతి ఇచ్చి చూడండి. అందరూ బంతి వెంటే పరుగెత్తుతారు. దొరికించుకున్నవాడు ఎవరికీ ఇవ్వడు. తన్నితే కుడికాలితోనే తన్నుతాడు. ఈ మూడు అలవాట్లకూ డెబ్భై ఏళ్ల కిందటే మందు కనిపెట్టిన మనిషి ఇక్కడికి దగ్గర్లోనే, హైదరాబాదులో ఉండేవారు. ఆయన ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరందరికీ రహీం సాబ్.

1909లో హైదరాబాదులో పుట్టిన రహీం ఉస్మానియాలో చదివారు, కమర్ క్లబ్‌కు ఆడారు, ఆ తరువాత బడిపంతులయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దానికి మూలం ఆయన పంతులు బుద్ధే. పిల్లవాడికి ఏది రాదో పట్టుకుని దాన్నే సాధన చేయించేవారు.

బంతిని వదలనివాళ్ల కోసం డ్రిబ్లింగే నిషిద్ధమైన పోటీలు పెట్టారు. బంతి కాలికి తగలగానే తోటివాడికి అందించాలి. అంటే బంతి రాకముందే తల ఎత్తి చూసుకోవాలి, ఎవరు ఖాళీగా ఉన్నారో తెలుసుకోవాలి. ఒకే కాలితో తన్నేవాళ్ల కోసం అలవాటు లేని కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు నడిపారు. రెండు కాళ్లూ పనిచేసేవాడు ఎటు తిరుగుతాడో ఎదుటి డిఫెండరు ముందుగా పసిగట్టలేడు. ఇక గుంపుగా పరుగెత్తడానికి ఆయన జవాబు 4-2-4. వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ దీనికి పేరు తేకముందే రహీం జట్లు ఈ అమరికతో ఆడాయని భారత ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు.

ఈ చదువుకు పెద్ద పరీక్ష 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆయన శిక్షణలోని భారత జట్టుకు ఎదురైంది. అక్కడ మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. నాలుగేళ్ల ముందు హెల్సింకీలో వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన దేశం ఈసారి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. సాధనకు రావడానికి అతని అద్దె సైకిలు ఖర్చు రహీం సాబే ఇచ్చేవారట.

1951లో ఢిల్లీ, 1962లో జకార్తా: రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు ఆయన శిక్షణలోనే వచ్చాయి. జకార్తాలో తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. ఫైనల్లో అదే జట్టును 2-1తో గెలిచారు. గాయపడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరసకు పంపితే, అతనే ఒక గోల్ కొట్టాడు. ఆటగాడిలో అతనికే తెలియని శక్తిని గుర్తించడం పంతులుగా ఆయనకు అబ్బిన విద్య. మరుసటి ఏడాది జూన్ 11న క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చాడు, తరువాత దేశానికి కోచ్ అయ్యాడు. స్వర్ణం మాత్రం ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

పెద్ద స్టేడియాలూ విదేశీ కోచ్‌లూ ఉంటేనే ఆట బాగుపడుతుందని మనం నమ్ముతున్నాం. అవి వద్దని కాదు. కానీ రహీం సాబ్ పద్ధతికి కావలసింది ఒక బంతి, చదునైన నేల, పిల్లల లోపాన్ని ఓపిగ్గా చూసే ఒక సారు. ఇవి మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే మర్రిచెట్ల బాట వెంట ఉన్న ఏ ఊరికైనా అందేవే. సాయంత్రం గ్రౌండులో పీఈటీ సారు విజిల్ ఊది, “ఈ రోజు అందరూ రాని కాలితోనే ఆడాలె” అంటే చాలు. మొదటి వారం బంతులు అడ్డదిడ్డంగా పోతాయి. పోనివ్వండి. హైదరాబాదు ఆట కూడా అలాగే మొదలైంది.