తీర్పు ముందు, విచారణ తరువాత

స్తూపాల చుట్టూ ఇళ్లు కట్టడం మీద ఉన్న ఆంక్షలను మేము వ్యతిరేకించడం లేదు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్లకు, పాలరాళ్లు వెల్లటూరు కాలువ తూముకు పోయాయి. అమరావతి దిబ్బను 18వ శతాబ్దం చివర జమీందారు మనుషులు కట్టడాల రాయి కోసం తవ్వారు. ఈ నష్టం తెలిసినవారెవరూ రక్షణ చట్టం వద్దనరు. మా విమర్శ అనుమతులను పరిశీలించే తీరు మీద.

ప్రాచీన కట్టడాల 1958 చట్టాన్ని 2010లో సవరించారు. కేంద్ర రక్షిత స్థలం హద్దు నుంచి కనీసం 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు. 1992 జూన్ 16కు ముందునుంచి ఉన్న ఇంటికి, లేదా ఆ తరువాత అనుమతితో కట్టిన ఇంటికి మరమ్మతు కోసం మాత్రం అర్జీ పెట్టుకోవచ్చు.

ఆ అర్జీని అధికారి 15 రోజుల్లో జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో సిఫారసు చేయాలి. 20డి సెక్షన్ ప్రకారం ఆ సిఫారసే అంతిమం. అర్జీని తిరస్కరించేముందు అర్జీదారుకు అవకాశం ఇవ్వాలని అదే సెక్షన్ అంటుంది. సిఫారసును దాటలేని అధికారి ముందు గోడు చెప్పుకొని ఏమి లాభం? ఇరుపక్షాల మాట విన్నాకే తీర్పు అన్నది సహజ న్యాయసూత్రం. ఇక్కడ తీర్పు ముందు, విచారణ తరువాత. ఆ సంస్థలో పురావస్తు, ప్రణాళిక, వాస్తు, న్యాయ రంగాల నిపుణులకు చోటుంది. స్తూపం పక్కన బతికేవారికి లేదు.

నిపుణులు మాత్రమే రాసిన చట్టం ఎలా ఉంటుందో చూడండి. ‘నిర్మాణం’ అనే మాట అర్థం నుంచి మురుగు కాలువలను, సార్వజనిక మరుగుదొడ్లను మినహాయించారు. పెరటి మరుగుదొడ్డి పేరు అందులో లేదు. చీకటి పడేదాకా ఆగే ఆడపిల్ల ఇబ్బంది ఆ నిర్వచనానికి అందలేదు. నిషేధం మీరి కడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

వినయ పిటకంలోనూ కట్టడాలకు కట్టుబాటుంది. దాత లేకుండా, తానే అడిగి తెచ్చిన సామగ్రితో కుటి కట్టుకొనే భిక్షువు సుగత కొలతలో 12 జానల పొడవు, 7 జానల వెడల్పు మించకూడదు. ముందుగా అతడు సంఘం ఎదుటికి వచ్చి మూడుసార్లు అడగాలి. సంఘమో, సంఘం ఎంచిన భిక్షువులో స్వయంగా వెళ్లి, ప్రాణులకు హాని ఉందా, చుట్టూ తిరిగే చోటుందా అని చూడాలి. ఆ తరువాతే తీర్మానం. భిక్షు సంఘాల ఇటువంటి సభా పద్ధతులనే బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో గుర్తు చేశారు.

కొలతలు సడలించమని మేము అడగడం లేదు. సిఫారసుకు ముందే, ఆ ఊళ్లోనే, తెలుగులో విచారణ జరగాలి. ఒక్కో స్థలానికి విడిగా ఉపనిబంధనలు చేయాలన్న 20ఇ సెక్షన్ అన్ని బౌద్ధ స్థలాల్లోనూ అమలు కావాలి. గుంత తవ్వితే భూమిలోని అవశేషాలు దెబ్బతినవచ్చు. అందుకే పురావస్తు అధికారి వచ్చి, మరుగుదొడ్డికి తగిన చోటు తానే చూపాలి. కాదనడం ఒక్కటే ఆయన పని కాకూడదు.

స్తూప వందనానికి వెళ్లే ఉపాసక, ఉపాసికలకు ఒక మనవి. వందనం అయ్యాక పక్క ఇళ్లవారి అర్జీలు కూడా ఒకసారి చదివి రండి. మనం వెళ్లిపోయాక ఆ స్తూపాన్ని రోజూ కనిపెట్టుకొని ఉండేది వారే.