గుహలో వినిపించిన గొంతు: ఒక మలయ్ యుద్ధకథలో ధర్మమర్యాద

1511లో ఆల్బుకెర్క్ నాయకత్వాన పోర్చుగీసువారు మలక్కాపై దాడికి దిగారు. పోరుకు ముందురాత్రి అక్కడి యువవీరులు సుల్తాను అహ్మద్ వద్దకు మనిషిని పంపి, చదివించుకోవడానికి ‘హికాయత్ ముహమ్మద్ హనఫియా’ అడిగారని ‘సెజారా మెలాయు’ చెబుతుంది. వీరి శౌర్యం హనఫియాకు సాటిరాదేమోనన్న సందేహంతో సుల్తాను మొదట ‘హికాయత్ అమీర్ హంజా’ ఇచ్చాడు. ప్రభువు హనఫియా అంతటివాడైతే తాము అతని సేనాని బనియార్ అంతటివారమవుతామని తున్ ఇసాప్ బదులు పంపాక, చిరునవ్వుతో అడిగిన గ్రంథమే ఇచ్చాడు.

ఈ ఘట్టం వల్ల హికాయత్‌కు వీరరసోద్దీపక గ్రంథమన్న పేరు స్థిరపడింది. ఆ పేరు సగమే నిజం.

పారశీకం నుంచి మలయ్‌లోకి వచ్చిన ఈ కథలో మొదట కర్బలా విషాదం ఉంది. తెలుగు పల్లెలు పీర్ల పండుగలో తలచుకునే హసన్, హుసేనులే ఇందులోనూ కనిపిస్తారు. తరువాతి భాగం వారి సవతి తమ్ముడు ముహమ్మద్ హనఫియా యజీద్‌పై సాగించిన ప్రతీకారం. విజయం దక్కిన తరువాత కూడా కథ ఆగదు. శత్రుశేషం ఒక గుహలో చేరిందని విని హనఫియా అక్కడికి వెళ్ళి నరకడం మొదలుపెడతాడు. ఇక చాలించమని ఒక అదృశ్యవాణి పలుకుతుంది. అతడు వినడు. గుహద్వారం మూసుకుపోతుంది.

ఈ ముగింపు బరువు చరిత్ర తెలిస్తే మరింత స్పష్టమవుతుంది. చారిత్రకుడైన ముహమ్మద్ 656లో జమల్ యుద్ధంలో తండ్రి అలీ పతాకధారి. పారిపోయేవారిని వెంటాడవద్దని, గాయపడినవారిని చంపవద్దని అలీ ఆజ్ఞాపించింది ఆ యుద్ధంలోనేనని సంప్రదాయం. ముస్లిములలో ముస్లిములకు జరిగే పోరుకు ధర్మశాస్త్రకారులు ఆ ఆజ్ఞనే ఆధారం చేసుకున్నారు. మళ్ళీ కూడుకునే దన్ను ఉన్నవారిని వెంటాడవచ్చునని హనఫీలు సడలించారు. మలయ్ ప్రాంతంలో ప్రధానమైన షాఫియీ సంప్రదాయం ఆ సడలింపును అంగీకరించలేదు. తండ్రి జెండా మోసినవాడే కథలో తండ్రి గీసిన గీత దాటుతున్నాడు.

హనఫియా మరణించలేదని, రద్వా కొండలో దాగి ఉన్నాడని కైసానీలు నమ్మారు. గుహ ఆ నమ్మకపు జాడ మాత్రమేనని, శిక్ష కాదని వాదించవచ్చు. కానీ అంతర్ధానమే ఉద్దేశమైతే వారించే గొంతుతో పని లేదు.

తిక్కన సౌప్తికపర్వం చదివిన తెలుగువారికి యుద్ధానంతర సంహారం కొత్త కాదు. అయితే అక్కడ హద్దు మీరినవాడు ఓడిన పక్షంవాడు. ఇక్కడ న్యాయం ఎవరిదని కథ మొదటినుంచీ చెబుతూ వచ్చిందో, ఆగమన్న ఆజ్ఞ అతనికే. తన పక్షం న్యాయమైనదన్న నమ్మకం హద్దును చెరిపివేయదన్నదే ఈ కథ చెప్పిన మాట.

లోపమూ ఉంది. అంతవరకు సంహారాన్ని కథకుడు ఉత్సాహంగానే వర్ణించాడు. గుహలో చిక్కినవారికి ముఖాలు లేవు, పేర్లు లేవు. గొంతు చాలా ఆలస్యంగా వినిపిస్తుంది. అయినా మలక్కా వీరులు ధైర్యం కోసం కోరి తెచ్చుకున్న గ్రంథం ముగిసేది విజయంతో కాదు, ఆగలేకపోయిన విజేతతో. హికాయత్‌ను ఇకపై ఆ చివరి పుట నుంచి కూడా చదవాలి.