విశాఖలో కొలిచిన పాములు

పాట్రిక్ రస్సెల్ పాముల పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపేసేది రక్తపింజర బొమ్మ. దానికి అతను ఇచ్చిన పేరు లాటిన్‌ది కాదు, కాటుక రేకుల పొడ. లిపి ఇంగ్లీషుదే అయినా పేరు మాత్రం ఇక్కడి జనం నోట విన్నదే. వీపు మీద బారులు తీరిన గోధుమరంగు మచ్చలు, ఒక్కోదాని చుట్టూ నల్లటి అంచు. పేరు పెట్టినవాళ్ళు సగం వర్ణన ముందే చేసిపెట్టారు. మిగతా సగం రస్సెల్ పూర్తిచేశాడు.

అతను స్కాట్లాండ్ వైద్యుడు. అలెప్పోలో చాలాకాలం పనిచేసి, 1780ల మొదట్లో సోదరుడితో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. కోరమాండల్ తీరపు పాముల మీద అతని పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. రెండో సంపుటం 1801 నుంచి విడివిడి భాగాలుగా వచ్చింది. చివరి భాగాలు వెలువడేనాటికి అతను లేడు.

పనితనమంతా వర్ణనల్లో ఉంది. పొట్ట కింద అడ్డపొలుసులెన్ని, తోక కింద ఎన్ని? తల మీది పెద్ద పొలుసుల అమరిక ఏమిటి? పళ్ళెలా ఉన్నాయి, విషపుకోరలున్నాయా? మొత్తం పొడవెంత, అందులో తోక ఎంత? పాముల వర్గీకరణలో ఆనాటి లిన్నేయస్ పద్ధతికి పొలుసుల లెక్కే ప్రాణం. రస్సెల్ ఆ లెక్క శ్రద్ధగా రాశాడు, కానీ దానితో సరిపెట్టుకోలేదు. విషప్పామును పైకి చూసి పోల్చుకునే గుర్తు ఏదైనా ఉందా అని వెతికాడు. కాటు తిన్న మనిషిని చూసే వైద్యుడికి అంతకన్నా కావలసిందేముంది? అంత తేలికైన గుర్తు దొరకలేదు, కోరలు చూడక తప్పదని తేలింది. అంతగా కోరుకున్నది దొరకనప్పుడు దొరికినట్టు రాయకపోవడం నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద గుణంగా కనిపిస్తుంది.

విషం తీవ్రత తెలుసుకోవడానికి కోళ్ళనూ కుక్కలనూ పాములచేత కరిపించి, ఏ లక్షణం ఎప్పుడు మొదలైందో రాసుకున్నాడు. ఆ పేజీలు చదవడం కష్టం. అయితే కాటుక రేకుల పొడ ప్రాణాంతకమైనదనీ, ఆ వరసలో నాగుపాము తర్వాత దానిదే స్థానమనీ అతను నిర్ధారించింది ఆ పరిశీలనలతోనే. విరుగుడుగా పేరున్న తంజావూరు మాత్రను కూడా ఊరికే నమ్మకుండా పరీక్షకు పెట్టాడు.

ఇక బొమ్మల సంగతి. మామూలుగా ఒక జాతికి శాస్త్రీయ నామం పెట్టాలంటే ఆధారంగా ఒక పాము కళేబరం ఉండాలి. రస్సెల్ విషయంలో బొమ్మే ఆ పని చేసింది. 1801లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ మన కట్లపాముకూ చిన్న పింజరకూ ఈ చిత్రాలను ఆధారం చేసుకుని పేర్లు పెట్టాడు. రస్సెల్ రాసిన 'బంగారం పాము' నుంచి 1803లో ఫ్రాన్స్‌లో దోదాఁ అనే శాస్త్రవేత్త కట్లపాములకు 'బంగారస్' అనే ప్రజాతి నామం తీశాడు. కాటుక రేకుల పొడకు 1797లోనే షా అనే శాస్త్రవేత్త రస్సెల్ పేరు తగిలించాడు. వేల మైళ్ళ దూరాన కూర్చున్నవాళ్ళు ఒక బొమ్మను అంతగా నమ్మారంటే, గీసినప్పుడు ఒక్కో పొలుసునూ ఎంత నిదానంగా చూసి ఉండాలో! కట్లపాము, చిన్న పింజరల వర్గీకరణలో ఇప్పుడు పేచీ వచ్చినా పరిశోధకులు ఆ చిత్రాలను మళ్ళీ తెరవాలి.