లేపాక్షి పైకప్పు మీద పెళ్ళిచీర

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. వెళ్ళినవాళ్ళు నంది దగ్గర ఫోటో దిగుతారు, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతారు. మెడ వెనక్కి వాల్చి పైకప్పు చూసేవాళ్ళు తక్కువ. వీరభద్రాలయం మండపంలో అక్కడే పార్వతి పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికూతురి బట్ట మీద ఇంత శ్రద్ధ పెట్టిన కుంచెను నేను మరెక్కడా చూడలేదు.

అచ్యుతదేవరాయల ఏలుబడి (1529–1542) నాటి పని ఇది. పెనుకొండలో అధికారం నెరపిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కట్టించిన గుడి. అందుకే కథ కైలాసానిదైనా గుడ్డ మాత్రం ఆనాటి విజయనగరానిది. మగవాళ్ళ నెత్తిన పొడవాటి కుళ్ళాయిలు, ఆడవాళ్ళ ఒంటిమీద చారలు, గళ్ళు, పూలు, హంసలు.

ముందు రాతికి సున్నపు పూత వేశారు. దాని మీద రూపం గీసుకుని, లోపల రంగు నింపి, చివర నల్లగీతతో అంచులు కట్టారు. రంగులు కొన్నే: కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, మసి నలుపు. నీలం దాదాపు కనిపించదు. వెలుగునీడలు లేవు. ముఖాలు చాలావరకు పక్కకు తిరిగి, ముక్కు, గడ్డం మొనదేలి, ఒకతల్లి పిల్లల్లా ఉంటాయి. ముఖం విషయంలో చిత్రకారుడికి పెద్ద పట్టింపు లేదనే నా అనుమానం. మనిషికీ మనిషికీ తేడా అంతా చీరలోనే చూపించాడు. చెలికత్తెలు పార్వతిని ముస్తాబు చేసే చోట ఒక్కొక్కరి చీర విడిగా చూడండి. పక్కపక్కన ఉన్నవాళ్ళకు ఒకే నమూనా రావడం అరుదు.

అసలు చూడాల్సింది ఇంకొకటుంది. గుడ్డ ఒంటిని చుట్టుకుంటే దాని మీది గళ్ళు కూడా వంగాలి, మడతలో సగం పువ్వు దాగాలి. ఇక్కడ అలా జరగదు. నడుము వంపు తిరిగినా, మోకాలు మడిచినా, గడి గడిగానే ఉంటుంది, పువ్వు నిండుగా ఉంటుంది. చీరను కట్టినట్టు కాక పరిచి చూపించినట్టు గీశాడు. చేతకాక కాదు. వేళ్ళ వంపు, జారుకొప్పు గీసిన తీరు చూస్తే ఆ చేతికి వంపు ఎంత సులువో తెలుస్తుంది. నేతగాడు చీరను చూసే చూపుతో చూశాడంతే.

ఆ చూపు ధర్మవరం మగ్గాల దగ్గర ఇప్పటికీ పనిచేస్తోంది. లేపాక్షి గుడిలోని లతామండపం స్తంభాల మీద చెక్కిన లతలు, పూలు పట్టుచీరల అంచుల్లోకి ఎక్కాయి. ఎక్కించడం మాత్రం తేలిక కాదు. అంచులో బొమ్మను ముందు గళ్ళకాగితం మీద వేయాలి. ఒక్కో గడి పడుగూ పేకా కలిసే ఒక చోటు. గుండ్రటి తీగ అక్కడ మెట్లు మెట్లుగా మారుతుంది. ఏ మెట్టు ఎంత పొడుగుంటే దూరం నుంచి వంపులా కనిపిస్తుందో తేల్చడమే డిజైనర్ నేర్పు. తర్వాత దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట మగ్గానికి బిగించిన జాకార్డు యంత్రం పోగును లేపుతుంది, లేనిచోట వదిలేస్తుంది. ఇప్పుడు ఆ గళ్ళు చాలావరకు కంప్యూటర్ తెరమీదే నింపుతున్నారు. మెట్ల సమస్య మాత్రం అలాగే ఉంది. వెడల్పు జరీ అంచు, వేరే రంగు కొంగు ధర్మవరం గుర్తులు. భౌగోళిక గుర్తింపు చీరలతోపాటు ఇక్కడి పావడాలకూ ఉంది.

లేపాక్షి నుంచి మగ్గం తీసుకోలేనిది ఒకటే: బొమ్మల్లో పక్కకు విచ్చుకుని బాణం మొనలా నిలిచే కొంగు కొస. అది నేతలో రాదు, కట్టులో రావాలి. ఈమధ్య పెళ్ళిళ్ళకు ముందురోజే కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసి, పిన్నులు పెట్టి ఇచ్చేవాళ్ళు వచ్చారు కదా, వాళ్ళొకసారి ఆ పైకప్పు చూడాలి.