పాదముద్ర లెక్కలో గూడబాతులు

మనిషి భూమిమీద ఎంత చోటు ఆక్రమిస్తున్నాడు? ఇల్లు, బడి, బాట కంటికి కనిపిస్తవి. తినే బియ్యం పండిన మడి, చదివే కాగితానికి కలప ఇచ్చిన అడవి, కాల్చిన బొగ్గు పొగను పీల్చుకొనడానికి కావలసిన వనం కనిపించవు. వీటన్నిటినీ కూడి తలకు ఇన్ని హెక్టార్లని చెప్పవచ్చునన్నది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రీస్, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్‌ల ఊహ. రీస్ 1992లో ఒక వ్యాసంలో ఈ మాటను ప్రయోగించినాడు. 1996లో ఇద్దరూ కలిసి 'అవర్ ఎకలాజికల్ ఫుట్‌ప్రింట్' అనే గ్రంథం ప్రకటించినారు. దీనిని మనం పర్యావరణ పాదముద్ర అంటున్నాము. 'అడుగుజాడ' అనకపోవడమే మేలు. మన భాషలో అడుగుజాడ అనుసరించదగినది!

పర్యావరణ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఈ లెక్క పరిచితమే. మూలగ్రంథం చూచినవారు తక్కువ గనుక దాని గుణదోషాలు విచారించడం అవసరం.

ముందు గుణం చెప్పవలె. ఒక పట్టణంమీద గాజుగుమ్మటం బోర్లించినట్లు ఊహించుకొమ్మంటారు గ్రంథకర్తలు. ఆ గుమ్మటం ఎంత విశాలమైతే లోపలి జనం బ్రతకగలరు? వాంకూవరు నగరమున్న దిగువ ఫ్రేజర్ లోయకు ఈ లెక్క కట్టినారు. లోయ వైశాల్యం 4,000 చదరపు కిలోమీటర్లు, జనం 18 లక్షలు. తలకు 4.3 హెక్టార్ల చొప్పున వారికి కావలసినది సుమారు 77,000 చదరపు కిలోమీటర్లు. సొంత నేలకు 19 రెట్లు. తొమ్మిదో తరగతి విద్యార్థి నల్లబల్లమీద గుణించి చూచుకొనవచ్చు. అదే గ్రంథంలో అమెరికా పౌరునికి 5.1 హెక్టార్లు, భారతీయునికి 0.4 అని తేల్చినారు. భారం ఎక్కడ పడినా తిన్నవాని పేరనే వ్రాయడం ఈ లెక్కలోని నిజాయితీ.

అయితే ఈ లెక్క నేలను కొలిచేది మనిషికి పనికివచ్చే ఫలసాయంతోనే. తరువాత స్థిరపడిన పద్ధతిలో అడవి హెక్టారుకంటె పంట హెక్టారుకు దాదాపు రెట్టింపు విలువ కట్టుతారు. అడవి కొట్టి మంచి మాగాణి చేస్తే నేల శక్తి పద్దు పెరుగుతుంది. ఆ అడవిలో బ్రతికిన ప్రాణికి పద్దే లేదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటితో దీనిని పరీక్షించి చూతము. 1946లో కె.కె. నీలకంఠన్ అక్కడ గూడబాతుల నివాసాన్ని కనుగొన్నారు. సుమారు 3,000 పక్షులు గూళ్లు కట్టుకొని ఉండినవి. చేపల పరిశ్రమ ఒత్తిడివల్ల 1975 ప్రాంతంలో అవి ఆ తావును వదలిపోయినవి. ఆ తరువాత చేపల చెరువుల గట్లు సరస్సులోనికి ఇంకా ప్రాకినవి. 1999లో ప్రభుత్వం దానిని అభయారణ్యంగా ప్రకటించినది. 2006లో అయిదో కాంటూరు లోపలి గట్లను తెగగొట్టించినది. ఈ కాలంలో ఆటపాకవద్ద గూడబాతులకై ఇనుప మంచెలు కట్టవలసి వచ్చినది.

కొల్లేటి చేప లారీలకెక్కి కలకత్తా వెళ్లినది. పాదముద్ర లెక్క ఆ చేపను కలకత్తా భోక్త ఖాతాలో సరిగానే వ్రాస్తుంది. కిక్కిస పొదలు పోయి చెరువులు వచ్చినవని, గూళ్లు లేచిపోయినవని మాత్రం ఆ ఖాతాలో ఎక్కడా ఉండదు. మునుపు ఒక హెక్టారు ఇచ్చిన చేప కంటె ఇప్పుడు ఎక్కువ ఇస్తున్నది గదా, లాభమే అనిపిస్తుంది.

2013లో 'ప్లాస్ బయాలజీ' పత్రికలో కొందరు శాస్త్రజ్ఞులు మరొక వైపునుండి ఆక్షేపించినారు. భూమి శక్తికి మించిన వాడకమంతా బొగ్గుపులుసు వాయువు పద్దులోనే ఉన్నదనీ, తక్కిన పద్దులలో లోటు దాదాపు కనబడదనీ వారి వాదం. రీస్, వాకర్‌నాగెల్ అదే పత్రికలో బదులు చెప్పినారు: తమ లెక్క తక్కువ అంచనాయే గాని ఎక్కువ అంచనా కాదని. నాకు ఇరుపక్షాలలోనూ సత్యం కనిపిస్తున్నది. పండినదంతా మనం వాడుకొన్న పంటయే అయినప్పుడు, ప్రపంచం మొత్తంమీద పంటభూమి పద్దులో లోటు ఎట్లు వస్తుంది? పైమన్ను కొట్టుకొనిపోతున్నా ఈ ఏటి దిగుబడి తగ్గనంతకాలం పద్దు నిండుగానే ఉంటుంది. లోటు లేదన్నంత మాత్రాన నష్టం లేదని కాదు. తక్కువ అంచనా అన్న సమాధానం నిజమే గాని చాలదు. గూడబాతును హెక్టార్లలోనికి మార్చే గుణకం లేదు, ఉండనక్కరలేదు కూడ.

తరగతిలో ఈ లెక్క చేయించే ఉపాధ్యాయులు మానవద్దు. 0.4 అన్న అంకె చూచి మన పిల్లలు తమవల్ల దోషం లేదనుకొనే ప్రమాదమున్నది. ఆ అంకె పక్కనే ఊరి చెరువులో పదేండ్ల క్రిందట ఏ పక్షులు దిగేవో, ఏ చేపలు పడేవో పెద్దలనడిగి వ్రాయించవలె. ఈ గ్రంథాన్ని ఎవరైనా తెలుగు చేస్తే హెక్టార్ల పక్కన ఎకరాలు కూడ ఇవ్వవలె: 1 హెక్టారు సుమారు 2.47 ఎకరాలు.