విన్నపమునకు ముందు

సాఫ్ట్‌వేర్ కోర్సులకై జిల్లాలనుండి అమీర్‌పేటకు వచ్చి, ఇరుకైన హాస్టలు గదిలో మరి ముగ్గురితో కలిసి వసించు క్రైస్తవ యువకునకు, మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున క్రీస్తు ఉపదేశించిన ఏకాంత ప్రార్థన దుస్సాధ్యముగా దోచుట సహజము. ఏలయన, మూసికొనుటకు తనదను తలుపే యాతనికి లేదు. అయినను ఆ యుపదేశమునకు ప్రాణము గోడలలో లేదు, మనుష్యుల మెప్పును వెలుపల విడిచివచ్చుటలో నున్నది. తోడివారు మేల్కొనకమున్ను మేడపైనను, తన మంచముమీదనే కన్నులు మూసికొనియు నాతడు దానిని నెరవేర్చవచ్చును.

చోటు దొరికిన పిమ్మట క్రమము కావలయును. ఉద్యోగార్థి ప్రార్థన ఉద్యోగముతోనే మొదలై ఉద్యోగముతోనే ముగియును. పరలోక ప్రార్థనలోనో, దేవుని నామము, రాజ్యము, చిత్తము ముందు నిలిచి, అనుదినాహారము, క్షమాపణ, శోధననుండి విమోచనము తరువాత వచ్చును. స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విన్నపము అని మన సంఘములలో నేర్పెడి వరుసకును ఇదియే మూలమని నా నమ్మిక. ఇది కేవలము మర్యాదకై యేర్పడినది కాదు. స్తుతించువానికి తానెవరియెదుట నిలిచెనో జ్ఞప్తికి వచ్చును. ఒప్పుకొనువానికి తానెట్టివాడో తెలియవచ్చును. ఈ రెండును ఎరిగినవాని విన్నపము మునుపటి విన్నపముగా నుండదు. ఇంటర్వ్యూలో జయమును మాత్రమే కోరవచ్చినవాడు, లేని అనుభవమును ఉన్నట్లు చూపిన తన రెజ్యూమెను సరిదిద్దుకొను ధైర్యమును గూడ కోరి లేచును.

మార్టిన్ లూథరు 1535లో, ప్రార్థించు విధమును తెలుపుమని యడిగిన పీటరను క్షురకునికై యొక చిన్న పుస్తకము వ్రాసెను. మంచి క్షురకుని చూపు కత్తినుండి చెదరనట్లే ప్రార్థించువాని మనస్సును చెదరరాదని యాతనికి తెలిసిన పనితోనే బోధించి, పది ఆజ్ఞలలో నొక్కొక్కదానిని ఉపదేశముగను, కృతజ్ఞతగను, ఒప్పుకోలుగను, ప్రార్థనగను నాలుగు పేటలుగా పేనుకొనుమని చూపెను. అంతకంటెను నాకు ప్రియమైనది వేరొకటి కలదు: మధ్యలో పరిశుద్ధాత్మ హృదయమున మాటలాడినచో, తక్కిన క్రమమంతయు విడిచి ఊరకుండి వినవలయునని ఆయన చెప్పుట. క్రమము నేర్పినవాడే దానిని విడువదగిన వేళను గూడ నేర్పెను.

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రియందు రోగికి తోడుగా రాత్రులు గడపువారికి ఈ రెండును అవసరములే. ప్రాణాపాయము ముంచుకొని వచ్చినప్పుడు వరుసతో పనిలేదు. అలలలో మునుగుచు పేతురు చేసిన ప్రార్థన మూడు మాటలే. కాని చికిత్స వారములకొలది సాగి, శరీరమలసి, సొంత మాటలు తీరిపోయినప్పుడు, దానియేలువలె దినమునకు ముమ్మారు నియమించుకొనిన వేళయు, చిన్ననాట కంఠస్థమైన పురుషోత్తమ చౌధరి కీర్తనయు మనుష్యుని మోయును. అట్టి వేళ తన రోగికై వేడుకొనిన పిమ్మట, ప్రక్కమంచముమీది అన్యమతస్థుని పేరడిగి తెలిసికొని, ఆయన స్వస్థతకై విజ్ఞాపన చేయువారిని చూచితిని. ఆ విజ్ఞాపన పిదప వారాయన మందులు తెచ్చుటకును లేచిరి.