బరువు మాయమైన బాగ్దాద్

ఎన్.టి.రామారావు ‘బాగ్దాద్ గజదొంగ’ (1968) చూసిన తెలుగువాళ్లకు ఆ ఊరి దొంగలు కొత్త కాదు. వాళ్లకు పెద్దన్నలాంటివాడు అహ్మద్. 1924లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నిర్మించి నటించిన మూకీ సినిమా ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో దొంగ ఇతనే. దర్శకుడు రౌల్ వాల్ష్. అప్పటికి ఫెయిర్‌బ్యాంక్స్‌కు నలభై ఏళ్లు. చొక్కా లేని ఒంటితో, పల్చటి పైజామాతో గోడలెక్కే అతన్ని చూస్తే వయసు గుర్తుకు రాదు. వయసే కాదు, బరువు కూడా. ఈ సినిమా పనితనమంతా ఆ బరువును మాయం చేయడంలోనే ఉంది.

తరిమేవాళ్లకు దొరక్కుండా అహ్మద్ మనిషెత్తు జాడీల్లో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి బంతిలా గెంతుతాడు. గుట్టు జాడీల్లోనే ఉంది, లోపల ట్రాంపొలిన్లు అమర్చారు. అయితే ట్రాంపొలిన్ మనిషిని పైకి విసరగలదు గానీ, గాలిలో చేతులు చాచి నాట్యగాడిలా దిగడం నేర్పలేదు. అది నటుడి సాధన.

కళాదర్శకుడు విలియం కామెరాన్ మెంజీస్‌కు అప్పటికి ముప్పై నిండలేదు. ఆరెకరాలకు పైగా స్థలంలో నగరం కట్టించి, నేలను అద్దంలా నున్నగా తీర్చాడు. గోడల ప్రతిబింబాలు అందులో పడి, కోటలకు పునాదులే లేవనిపిస్తుంది. ఊరు తేలుతుంటుంది. ఎత్తయిన బోసిగోడల ముందు దొంగ కదలిక ఒక్క గీతలా స్పష్టంగా తెలుస్తుంది.

రెండో సగంలో కొంత సాగతీత ఉంది. సముద్రం అడుగున కనిపించే రాక్షస సాలీడు ఉత్త బొమ్మేనని ఇట్టే తెలిసిపోతుంది. నటుడి ఒంటి ఒడుపు తోడవని చోట మాయ నిలవదు.

మొదట్లో ఎడారి రాత్రి ఒక వృద్ధుడు పిల్లవాడికి ఆకాశం చూపిస్తాడు. ఆనందం కష్టపడి సంపాదించుకోవలసిందని అక్కడ నక్షత్రాలు అక్షరాలై చెబుతాయి. చివర్లో అహ్మద్ రాకుమారితో మాయతివాచీ ఎక్కి బాగ్దాద్ జనం తలల మీదుగా సాగిపోతాడు. దూదిపింజలా ఎగిరే ఆ తివాచీ అడుగున ఉన్నది ఉక్కు పలక. దాన్ని పియానో తీగలతో క్రేన్‌కు వేలాడదీశారు. తెర మీద కనిపించే తేలికదనమంతా అలా మోసి తెచ్చిందే.